కృష్ణ ఒడ్డున పడవల తయారీ యార్డు: డ్రై డాకా, స్లిప్‌వేనా, ఎయిర్ బ్యాగులా?

విజయవాడకు ఎగువన ఇబ్రహీంపట్నం, గుంటుపల్లి వైపు గానీ, అవతలి ఒడ్డున గుంటూరు జిల్లా వైపు గానీ ఇనుప లాంచీలు, వాహనాలను దాటించే బల్లకట్లు, బార్జీలు కట్టే యార్డు పెట్టాలనుకునేవారు నిర్మాణ ఇంజనీరును మొదట అడిగే ప్రశ్న దాదాపుగా ఒకటే. పడవను నీటిలోకి దించడానికి, మరమ్మతుకు మళ్లీ పైకి తీయడానికి ఏది కట్టుకోవాలి, ఏది తక్కువలో అవుతుంది, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది అన్నదే ఆ ప్రశ్న. డ్రై డాకు (పడవ లోపలికి వచ్చాక నీటిని తోడేసే కాంక్రీటు తొట్టి), పడవను నీటిలోకి జార్చే ఏటవాలు స్లిప్‌వే, పడవ కింద దొర్లే రబ్బరు ఎయిర్ బ్యాగులు, క్రేను, చక్రాల మీద నడిచే బోట్ హాయిస్టు, తేలే డాకు (నీట మునిగి, పడవను ఎత్తుకుని పైకి లేచే వేదిక), షిప్‌లిఫ్టు అన్నీ వాడుకలో ఉన్న పద్ధతులే, ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట సరైనదే. మన నదికీ, మన నేలకూ, మనం కట్టబోయే పడవల బరువుకూ ఏది నప్పుతుందో ఇక్కడ పరిశీలిస్తున్నాను. 15 నుంచి 45 మీటర్ల పొడవు, 30 నుంచి 300 టన్నుల బరువు ఉన్న పడవలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్న మాటలివి.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పడవను ఎత్తడం, దించడం కొన్ని గంటల్లో ముగిసే పని. అదే పడవ సగం కట్టిన ఒంటితో, రోజురోజుకూ మారే బరువుతో, ఎండకూ గాలికీ వరదకూ ఎదురుగా నేల మీద నిలబడి ఉండేది నెలల తరబడి. అందువల్ల యార్డు పెట్టేవారు ముందు పడవ కింద ఉండే ఆధారాన్ని, దాని కింద ఉండే నేలను ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ఎత్తే సాధనాన్ని ఎంచుకోవాలి. చాలామంది ఇందుకు తలకిందులుగా చేస్తారు. ముందు యంత్రం ధర కనుక్కుంటారు, నేల పరీక్ష చివరికి మిగులుతుంది.

నది, నేల

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వల్ల ఎగువన నీటిమట్టం సంవత్సరంలో ఎక్కువ కాలం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పూర్తి మట్టం సముద్రమట్టానికి 57.05 అడుగులు, అంటే సుమారు 17.39 మీటర్లు. సముద్రపు ఒడ్డున యార్డు పెట్టేవారు రోజూ ఆటుపోట్ల లెక్క చూసుకోవలసి ఉండగా, మనకు ఆ బాధ లేకపోవడం ఎంతో పెద్ద వెసులుబాటు. బ్యారేజీ దిగువన పరిస్థితి వేరు. వరద వెళ్లిపోయాక అక్కడ నెలల తరబడి ఇసుక మేటలే కనిపిస్తాయి కాబట్టి ఈ పనికి దిగువ ఒడ్డును మొదటే పక్కన పెట్టడం మంచిది.

అయితే ఎగువన నీరు ఎప్పుడూ అంత నెమ్మదిగానే ఉంటుందనుకుంటే పొరపాటు. 2009 అక్టోబరు వరదలో బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత రికార్డును దాటింది. ఆ వరదలోనే ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు బ్యారేజీని ఢీకొని గేట్లను ఎత్తడానికి తోడ్పడే ఎదురు బరువులను (కౌంటర్ వెయిట్లను) దెబ్బతీశాయి. వాటిని తొలగించడానికి భారీ క్రేన్లతో మొదట చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. నీరు, ఇసుక నిండి అడుగున కూరుకుపోయిన పడవ బరువు కాగితం మీద రాసిన బరువుకు ఎన్నో రెట్లు అవుతుందని ఆ రోజుల్లో నగరమంతా చూసింది. ఈ ఒడ్డున యార్డు పెట్టే ప్రతి ఒక్కరూ ఈ సంఘటనను తమ డిజైనులో ఒక లోడ్‌గానే లెక్కించాలి.

ఇందులో తరచుగా మరచిపోయే సంగతి ఒకటి ఉంది. యార్డులో దిమ్మెల మీద కూర్చున్న పడవ కూడా వరదలో తేలిపోగలదు. 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల చదును అడుగు బార్జీ 120 టన్నుల బరువుంటే, దాని అడుగు పైన అర మీటరు నీరు చేరగానే అది లేచి నిలుస్తుంది. దిమ్మెల ఎత్తు 1.2 మీటర్లు అనుకుంటే, యార్డు నేల మీద 1.7 మీటర్ల నీరు చాలు. కాబట్టి వరద కాలంలో అడుగు ప్లగ్గులు తీసి ఉంచి నీటిని లోపలికి రానివ్వడం, కాంక్రీటు నేలలో ముందే పోసి ఉంచిన ఇనుప కొక్కేలకు పడవను కట్టి ఉంచడం యార్డు నియమాల్లో రాసి పెట్టుకోవాలి. ఆ కొక్కేలను తర్వాత అతికిస్తామంటే కుదరదు, నేల పోసేటప్పుడే వాటి కింద తగినంత కడ్డీ, బరువు ఉండాలి.

నేల సంగతి ఒడ్డును బట్టి, ఒక్కోసారి వంద అడుగుల దూరంలోనే మారుతుంది. నది పక్కన ఒండ్రు ఇసుక, దాని మధ్య బంకమట్టి పొరలు ఉంటాయి. గుంటూరు వైపు లోపలికి వెళితే నల్లరేగడి. వదులుగా ఉండి నీటితో నిండిన ఇసుక భూకంపంలో బలం కోల్పోతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం విజయవాడ, గుంటూరు రెండూ మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి కాబట్టి ఇసుక అలా బలం కోల్పోతుందా అన్న పరీక్ష తప్పనిసరి. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు పగుళ్లిచ్చి కుంగుతుంది. దాని మీద పైపైన కాంక్రీటు పోసి దిమ్మెలు పేరిస్తే, ఒకే పడవ కింద ఒక దిమ్మె పైకి లేచి పక్క దిమ్మె కిందికి జారే పరిస్థితి వస్తుంది. అటువంటి చోట ఆ మట్టిని తగిన లోతు వరకు తీసేసి గ్రావెల్ నింపాలి, లేదా ఐఎస్ 2911 ప్రకారం పైల్స్ వేసి భారాన్ని కింది గట్టి పొరకు అందించాలి. బోరు పరీక్షలు ఒడ్డు మీదనే కాకుండా, పట్టాలు వెళ్లే చోట నీటి లోపల కూడా చేయించాలి. ఆ ఖర్చు మొత్తం పనిలో చిన్నది, దాని మీద ఆధారపడే నిర్ణయాలు చాలా పెద్దవి.

కీలు కింద భారం

‘మా పడవ 240 టన్నులు, దానికి తగ్గట్టు కట్టండి’ అనే మాట ఇంజనీరుకు సగం సమాచారమే ఇస్తుంది. కీలు (keel) అంటే పడవ అడుగున మధ్యలో ముందు నుంచి వెనక్కి సాగే వెన్నెముక వంటి భాగం. దాని కింది దిమ్మెల వరుస 30 మీటర్ల పొడవు ఉంటే, సగటున మీటరుకు 8 టన్నులు వస్తుంది. పడవ గురుత్వ కేంద్రం ఆ వరుస మధ్యలో కాకుండా ఇంజను వైపుకు ఒకటిన్నర మీటరు జరిగి ఉంటే, ఆ చివర భారం మీటరుకు 10.4 టన్నులకు పెరిగి, రెండో చివర 5.6 టన్నులకు తగ్గుతుంది. అదే కేంద్రం వరుస పొడవులో ఆరో వంతుకు మించి, అంటే ఇక్కడ 5 మీటర్లకు మించి జరిగితే, ఒక చివర దిమ్మెలు అసలు బరువే మోయవు, ఆ భారమంతా మిగిలిన వాటి మీద పడుతుంది. లాంచీల్లో ఇంజను, గేర్‌బాక్సు, ఇంధన ట్యాంకులు వెనుక భాగంలోనే పోగుపడతాయి కాబట్టి ఇది ఎక్కడో అరుదుగా జరిగే విషయం కాదు. పైగా నిర్మాణ దశలో గురుత్వ కేంద్రం స్థిరంగా ఉండదు. ఇంజను దించిన రోజున అది ఒక్కసారిగా వెనక్కి జరుగుతుంది. అందుకే ఏ దశలో ఎంత బరువు, దాని కేంద్రం ఎక్కడ అన్న పట్టికను పడవ డిజైనరు నుంచి తీసుకోకుండా పునాది డిజైను మొదలుపెట్టకూడదు.

దిమ్మెలను పేర్చే చోటును ఎంచుకోవడంలోనూ శ్రద్ధ కావాలి. అడుగు ప్లేటు వెనక ఫ్రేము గానీ, అడ్డగోడ గానీ ఉన్న చోటనే దిమ్మె రావాలి. ఉత్త ప్లేటు కింద పెడితే అక్కడ సొట్ట పడుతుంది. సాధారణంగా కింద కాంక్రీటు లేదా ఇనుప దిమ్మె, దాని మీద గట్టి చెక్క, అన్నిటికన్నా పైన మెత్తటి చెక్క ఉంచుతారు. పై చెక్క కొంచెం నలిగి, ఎత్తుల్లో ఉండే చిన్న తేడాలను సర్దుతుంది. ప్రతి మూడు నాలుగు దిమ్మెలకు ఒకటి చొప్పున ఇసుక పెట్టె పెట్టుకుంటే, చివర్లో దాని పక్క మూత తీసి ఇసుక కారనిచ్చి భారాన్ని మెల్లగా వదిలించవచ్చు. సుత్తులతో చీలలు కొట్టి దిమ్మెలు విడిపించడం కంటే ఇది ఎంతో సురక్షితం.

మన ఎండ ఇందులో చేసే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం ఇనుప డెక్కు కాలిపోతుంటే, అడుగు ప్లేటు నీడలో చల్లగా ఉంటుంది. 40 మీటర్ల పొడవు, 3 మీటర్ల లోతు ఉన్న పడవలో పైకీ కిందికీ 20 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, దాన్ని స్వేచ్ఛగా వంగనిస్తే, నడుము దాదాపు 16 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, రెండు చివరలు కిందికి ఒరుగుతాయి. పడవ తన బరువు వల్ల అంత లేవకపోయినా, మధ్య దిమ్మెల మీది భారం చివరి దిమ్మెల మీదకు మారడం మాత్రం ఖాయం. అందుకే కీలు వరుస సూటిగా ఉందో లేదో కొలవడం, ప్రొపెల్లరు షాఫ్టు అమరిక చూడటం సూర్యుడు రాకముందు చేయవలసిన పనులు. యార్డు మీద రేకుల కప్పు వేయడం పనివారి సౌకర్యం కోసమే అనుకుంటారు గానీ, దిమ్మెల భారం నిలకడగా ఉండటానికీ అది పనికొస్తుంది.

ఇక గాలి. ఐఎస్ 875 మూడో భాగం విజయవాడకు సెకనుకు 50 మీటర్ల మూల గాలి వేగాన్ని ఇస్తుంది. ఆకారపు గుణకాలు కలపక ముందే అది చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి. 40 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు ఉన్న పక్కభాగం మీద అది 30 టన్నుల తోపు అవుతుంది. కీలు నుంచి రెండున్నర మీటర్ల ఎత్తులో అది పనిచేస్తే, పడవను పక్కకు పడదోసే మొమెంటు (తోపును ఎత్తుతో గుణిస్తే వచ్చేది) 75 టన్ను-మీటర్లు. 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కీలు దిమ్మెల వరుస మాత్రమే ఉంటే, 250 టన్నుల పడవ తన బరువుతో ఇవ్వగల ప్రతిఘటన కూడా సరిగ్గా అంతే, అంటే ఏ వెసులుబాటూ మిగలదు. పక్క దిమ్మెలు రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే అదే ప్రతిఘటన 625కు పెరుగుతుంది. అసలు ప్రమాదం పడవ పూర్తయ్యాక కాదు, తొలి దశలో. పక్క ప్లేట్లు నిలబెట్టి ఇంకా యంత్రాలు పెట్టని 80 టన్నుల దశలో, చెక్క మీద ఇనుము రాపిడి గుణకం 0.3 అనుకుంటే నిలవరించే బలం 24 టన్నులే, తోపు 30 టన్నులు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు తొందరపడి తాళ్లు కట్టడం కాకుండా, పక్క ఆధారాలు పడవతో పాటే లేచేలా నిర్మాణ క్రమం రాసుకోవాలి. 2023 మార్చి 22న స్కాట్లాండ్‌లోని లీత్ రేవులో డ్రై డాకులో నిలిపిన ‘పెట్రెల్’ అనే ఓడ బలమైన గాలుల మధ్య పక్కకు ఒరిగి ముప్పై మందికి పైగా గాయపడ్డారు. ఏళ్ల తరబడి నౌకల పని చేస్తున్న దేశంలోనే అటువంటిది జరిగింది.

పద్ధతులను పోల్చి చూస్తే

50 టన్నుల లోపు పడవలు, అవీ ఏడాదికి ఒకటో రెండో మాత్రమే కడితే, అద్దె క్రేను చాలు. దానికి గట్టి నేల, ఒడ్డు అంచు నుంచి తగినంత దూరం, నీటిలో కొద్దిపాటి లోతు ఉంటే సరిపోతుంది. అయితే క్రేను మీద రాసిన సామర్థ్యం దగ్గరి రేడియస్‌కు చెందినదనీ, చేయి చాచేకొద్దీ అది వేగంగా తగ్గుతుందనీ గుర్తుంచుకోవాలి. రెండు క్రేన్లతో కలిపి ఎత్తితే ఒకటి కొంచెం ఆలస్యమైనా భారం రెండోదాని మీదకు వెళ్తుంది. కొక్కేనికి వేసే బెల్టులు నిలువుగా ఉండేలా పైన స్ప్రెడరు బీము తప్పక వాడాలి. రెండు బెల్టులు నేలకు 30 డిగ్రీల కోణంలో ఉంటే, ఒక్కో దానిలో మొత్తం పడవ బరువంత లాగుడు పుడుతుంది, పైగా అవి పడవ పక్కలను లోపలికి నొక్కుతాయి. ఫైబరు పడవలకు ఇది మరీ ప్రమాదం.

పడవలు తరచుగా ఎక్కి దిగుతూ, తయారీతో పాటు మరమ్మతులూ చేసే యార్డయితే బోట్ హాయిస్టు గురించి ఆలోచించవచ్చు. నీటిలోకి చాచిన రెండు సన్నని వారధుల మీద నడిచే యంత్రమిది. పడవను బెల్టుల్లో ఎత్తుకుని యార్డులో కావలసిన చోటుకు తీసుకెళ్తుంది. వారధుల పైభాగాన్ని వరద మట్టానికి పైన ఉంచుకోవచ్చు, బెల్టులు కిందికి అందుతాయి కాబట్టి మన నదికి ఇది బాగానే నప్పుతుంది. చిక్కంతా చక్రాల కింద వచ్చే భారంలో ఉంది. యంత్రం బరువు, పడవ బరువు కలిసి నాలుగు చోట్లనే నేలను నొక్కుతాయి కాబట్టి అది తిరిగే దారి మొత్తం అందుకు తగ్గ పునాది కావాలి, పైల్స్ మీది వారధి గర్డర్లు కదిలే భారానికి నిలవాలి. యంత్రం బయటి నుంచి తెప్పించవలసినది, విడిభాగాలూ అంతే.

స్లిప్‌వే అన్నిటికన్నా పాత పద్ధతి. విశాఖలో 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీటిలోకి దిగిన నాటి నుంచి మన రాష్ట్రానికి ఇది తెలిసిన పనే. పడవను నిలువుగా, అంటే వెనుక భాగం ముందు నీటిలోకి వెళ్లేలా జార్చేటప్పుడు, వెనుక భాగం తేలడం మొదలైన క్షణంలో ముందు ఆధారం మీద పడవ బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు ఒక్కచోటనే పడుతుంది. ఆ చోట పట్టీ, పునాది, పడవ ముందుభాగం మూడూ అందుకు తగ్గట్టు ఉండాలి. పైగా పడవ మొత్తం వాలు మీదనే కట్టాలి. 1:15 వాలు మీద ప్రతి గోడనూ ప్రతి యంత్రాన్నీ నిలువు చూసుకోవడం ఫిట్టర్లకు రోజూ ఉండే తలనొప్పి.

పట్టాల మీద ట్రాలీతో నెమ్మదిగా దించే స్లిప్పులో వెనుక భాగం అలా ముందే తేలి లేచే దశ ఉండదు, పైకి లాగడమూ వీలవుతుంది. కానీ దాని పొడవును లెక్కించి చూడండి. పడవ మునక ఒకటిన్నర మీటరు, కింద 30 సెంటీమీటర్ల ఖాళీ, ట్రాలీ పై చివర ఎత్తు 80 సెంటీమీటర్లు అనుకుందాం. 35 మీటర్ల ట్రాలీని 1:15 వాలు మీద నిలువుగా పెడితే దాని రెండు చివరల మధ్య పట్టా 2.33 మీటర్లు దిగుతుంది. అంటే పట్టా చివర నీటి కింద దాదాపు 4.9 మీటర్ల లోతుకు, ఒడ్డు నుంచి 74 మీటర్ల దూరం వెళ్లాలి. అంత దూరం పూడిక పేరుకునే నది అడుగున పట్టాలను సూటిగా ఉంచడం, ఏటా శుభ్రం చేయించడం చిన్న పని కాదు. అదే పడవను ఒడ్డుకు సమాంతరంగా ఉంచి పక్కవాటుగా దించితే, ట్రాలీ వెడల్పు 8 మీటర్లే కాబట్టి లోతు 3.1 మీటర్లు, దూరం 47 మీటర్లతో సరిపోతుంది. పడవ ప్రవాహానికి సమాంతరంగా ఉంటుంది కాబట్టి బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లోనూ నీరు దాని పక్కను తోయదు. పై నేల చదునుగా ఉంటుంది, పడవలను చదును మీదనే కట్టి అడ్డంగా వాలు మీదకు జరపవచ్చు. కృష్ణ ఒడ్డుకు నేను ఎక్కువగా మొగ్గేది ఈ పక్కవాటు స్లిప్పు వైపే.

దీని బలహీనత కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ ఒక జత పట్టాలు కాకుండా ఆరేడు పట్టాలు కావాలి, వాటి మీది ట్రాలీలన్నీ ఒకే వేగంతో కదలాలి. 2025 మే 21న ఉత్తర కొరియాలోని చొంగ్‌జిన్‌లో 5,000 టన్నుల తరగతి యుద్ధనౌకను పక్కవాటుగా దింపుతుండగా, ట్రాలీల కదలిక సమాంతరంగా సాగక వెనుక భాగం ముందే జారి ఓడ ఒరిగిపోయింది. మన బరువులు తక్కువే అయినా సూత్రం అదే. అందుకే ఒక్కో పట్టాకు ఒక్కో విడి వించి (తాడును డ్రమ్ముకు చుట్టి లాగే యంత్రం) పెట్టడం కంటే, ఒకే షాఫ్టు మీద అన్ని డ్రమ్ములు తిరిగేలా గానీ, లాగుడును సమానంగా పంచే పుల్లీ వరుసతో గానీ చేయించడం మేలు. 250 టన్నుల పడవ, 40 టన్నుల ట్రాలీలు కలిపి 1:15 వాలు మీద లాగాలంటే వాలు వల్ల 19 టన్నులు, చక్రాల రాపిడి మూడు శాతం చొప్పున 9 టన్నులు, వెరసి 28 టన్నుల లాగుడు కావాలి. చక్రాలకు తుప్పు పట్టినా, పట్టాల మీద పూడిక ఉన్నా ఇది ఇంకా పెరుగుతుంది. ఆరు పట్టాలకు సగటున 48 టన్నుల చొప్పున వచ్చినా, పడవ బిగువు వల్ల భారం సమంగా పంచుకోదు కాబట్టి ఒక్కో పట్టా పైల్స్‌ను కనీసం దానికి ఒకటిన్నర రెట్లకు డిజైను చేయమని నా సలహా. ట్రాలీలు, పట్టా సీట్లు, పుల్లీ బ్రాకెట్లు వంటి ఇనుప పని ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్ల చేతికి చక్కగా అందేదే. వెల్డింగు పరీక్షలు మాత్రం బయటివారి చేత చేయించాలి.

ఎయిర్ బ్యాగులకు ఖర్చు అన్నిటికన్నా తక్కువ. 1981లో చైనాలో మొదలైన ఈ పద్ధతికి ఇప్పుడు బ్యాగుల నాణ్యతకు ఐఎస్ఓ 14409, దించే విధానానికి ఐఎస్ఓ 17682 ప్రమాణాలున్నాయి. ఒకటిన్నర మీటరు వ్యాసం ఉన్న బ్యాగులో చదరపు సెంటీమీటరుకు ఒక కిలో గాలి నింపి, 60 సెంటీమీటర్ల ఎత్తుకు నలిగేలా బరువు పెడితే, అది 1.4 మీటర్ల వెడల్పున నేలను తాకుతూ ప్రతి మీటరు పొడవుకు 14 టన్నులు మోస్తుంది. ఇందులో అందమైన విషయం ఏమిటంటే, నేల మీద పడే ఒత్తిడి బ్యాగు లోపలి గాలి ఒత్తిడికి మించదు, చదరపు మీటరుకు 10 టన్నులే. రోలరుతో తొక్కించి గట్టిపరచిన ఇసుక, గ్రావెల్ నేల దాన్ని భరిస్తుంది, తడిసిన నల్లరేగడి భరించదు. చదును అడుగు ఉన్న బల్లకట్లకు, బార్జీలకు దీనికి సాటి లేదు. పదునైన కీలు ఉన్న లాంచీలకు, ప్రొపెల్లరు, చుక్కాని అడుగు కన్నా కిందికి వేలాడే పడవలకు అంతగా నప్పదు. వెల్డింగు చిందులు, ప్లేటు అంచులు, నేలలో పొడుచుకొచ్చిన కడ్డీ ముక్క చాలు బ్యాగు పగలడానికి. పగిలిన బ్యాగు పక్కన నిలబడిన మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. వెనక పట్టుకునే వించి, తాడు, దాని లంగరు దిమ్మె లేకుండా బ్యాగుల మీద పడవను వదలడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

డ్రై డాకు గురించి అడిగేవారికి ఒక లెక్క చూపిస్తే చాలు. 50 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, నీటిమట్టానికి 5 మీటర్ల లోతున అడుగు ఉన్న డాకును ఖాళీ చేసినప్పుడు, కింది నీరు చదరపు మీటరుకు 5 టన్నుల చొప్పున మొత్తం 3,500 టన్నులతో ఆ అడుగును పైకి తోస్తుంది. అందులో మనం కట్టే పడవ బరువు 250 టన్నులు. అంటే పడవను మోయడానికి కాకుండా, నీటిని ఆపడానికే కాంక్రీటంతా ఖర్చవుతుంది. బరువుతోనే ఆపాలంటే ఏ భద్రతా గుణకం లేకుండానే రెండు మీటర్ల మందం కావాలి, లేదంటే అడుగును కిందికి పట్టి ఉంచే లాగుడు పైల్స్ వేయాలి, లేదంటే చుట్టూ షీట్ పైల్స్ (ఇనుప పలకల గోడ) దించి అడుగున నీటిని నిరంతరం తోడాలి. ఒండ్రు ఇసుకలో ఊట ఆగదు కాబట్టి మూడోది మన దగ్గర నమ్మదగినది కాదు. వేల టన్నుల ఓడలకు, గట్టి రాయి ఉన్న చోట, పెద్ద రేవుల్లో డ్రై డాకు సరైనది.

తేలే డాకును బ్యారేజీ ఎగువన పెట్టకూడదనే నా నిశ్చితాభిప్రాయం. పడవ మునక, దిమ్మెలు, పాంటూను మందం, కింద ఖాళీ అన్నీ కలిపితే చిన్న పడవకు కూడా ఐదున్నర మీటర్ల లోతు కావాలి. అంతకన్నా ముఖ్యం, 11 లక్షల క్యూసెక్కుల వరదలో దాని లంగరు తెగితే అది పోయి ఆనేది బ్యారేజీ గేట్లకే. నీటి పంపులు, కరెంటు మీద ఆధారపడే నిర్మాణం ఎంత పెద్దదైనా ఎలా మునుగుతుందో 2018 అక్టోబరు 30న రష్యాలో పీడీ-50 తేలే డాకు విషయంలో ప్రపంచం చూసింది. రైతుల సాగునీటికి ఆధారమైన కట్టడానికి ఎగువన అటువంటి ముప్పు తెచ్చిపెట్టే హక్కు మనకు లేదు.

షిప్‌లిఫ్టు అంటే రెండు వైపులా వించిలతో నిలువుగా లేచే వేదిక. కొచ్చిలోని విల్లింగ్డన్ ఐలాండులో 2024 జనవరిలో ప్రారంభమైన మరమ్మతు కేంద్రంలో 6,000 టన్నులు ఎత్తే 130 మీటర్ల లిఫ్టు ఉంది. ఒకే లిఫ్టుతో వెనక ఉన్న అనేక బెర్తులకు ఓడలను పంపగలగడం దీని గొప్ప. ఏడాదిలో పదుల సంఖ్యలో ఓడలు ఎక్కి దిగితే తప్ప దాని వించిలు, తాళ్ల నిర్వహణ ఖర్చు గిట్టదు. మన స్థాయికి అక్కరలేదు.

ఇప్పుడు ఏం చేయాలి

చదును అడుగు పడవలే కట్టేవారు గట్టిపరచిన చదును నేల, మంచి దిమ్మెలు, ఎయిర్ బ్యాగులు, ఒక వించితో మొదలుపెట్టవచ్చు. కీలు ఉన్న లాంచీలు, 100 టన్నులు దాటిన పడవలు, మరమ్మతు పని కూడా చూసేవారు పక్కవాటు స్లిప్పుకు వెళ్లాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. బ్యాగులతో మొదలుపెట్టేవారు కూడా యార్డు నేలను పోసేటప్పుడే తర్వాత పట్టాలు వచ్చే చోట్ల పైల్స్, వాటి తలల మీద కాంక్రీటు దిమ్మెలు (పైల్ క్యాపులు) వేయించి ఉంచుకుంటే, నాలుగేళ్ల తర్వాత నేలను పగలగొట్టే పని ఉండదు. నీటి లోపలి పైల్ పనులను వేసవిలో మట్టం తగ్గే రోజులకు పెట్టుకోవాలి. నదిలో ఏ కట్టడానికైనా జలవనరుల శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, కట్టిన పడవకు 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషను కావాలి.

టెండరు పత్రంలో ‘300 టన్నుల స్లిప్‌వే’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. నేల మీటరు పొడవుకు మోయవలసిన భారం, ఒక్క దిమ్మె కింద రాగల గరిష్ఠ భారం, ఒక పట్టా మీది గరిష్ఠ భారం, డిజైనుకు తీసుకున్న వరద మట్టం, గాలి వేగం, కుంగుడు ఎన్ని మిల్లీమీటర్లకు మించకూడదు అన్నవి విడివిడిగా రాయించాలి. పని పూర్తయ్యాక, మొదటి పడవను ఎక్కించడానికి ముందే, నీరు నింపిన ట్యాంకులతో డిజైను భారానికి పావు వంతు ఎక్కువగా ట్రాలీల మీద పెట్టి, ఒక రాత్రంతా ఉంచి, తెల్లవారుజామున ప్రతి పట్టా మట్టాన్ని లెవెల్‌తో కొలిపించి, ఆ అంకెలను యార్డు రికార్డులో ఉంచాలి. తర్వాత ఏటా వరద తీశాక అదే కొలతలు మళ్లీ తీసి వాటితో పోల్చాలి. రెండు పట్టాల మధ్య తేడా టెండరులో రాసిన హద్దును దాటితే, కారణం తేలేదాకా ఆ స్లిప్పు మీదకు పడవను ఎక్కించకూడదు.